గట్టు మీద విన్న ప్రతి మాటకీ ఒక నంబరు

మేం భీమవరంలో, ఉండి వైపు వెళ్లే రోడ్డు మీద, రొయ్యల, చేపల చెరువులకి కంట్రోల్ ప్యానెళ్లు కడతాం. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకి స్టార్టర్లు, కరెంటు పోతే జనరేటర్‌కి మార్చే ఏర్పాటు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు, రాత్రిపూట తేడా వస్తే ఫోన్ మోగించే చిన్న బోర్డు, ఇవీ మా పనులు. డిజైనూ ప్రోగ్రామూ నేను చూస్తాను. వైరింగ్ మా తమ్ముడు చూస్తాడు. మాతో ఇద్దరు కుర్రాళ్లు ఉంటారు. ఒక్కో ఆర్డరు పెద్దదేం కాదు, పెద్ద కంపెనీలవాళ్లు చూస్తే దీన్ని ప్రాజెక్టు అని కూడా అనరు. కానీ పట్టుబడికి దగ్గరపడిన వనామీ చెరువులో లక్షల రూపాయల రొయ్య ఉంటుంది. అది ఒక్క రాత్రిలో పోవచ్చు. అందుకే రైతు ఏం కావాలన్నాడో, మేం ఏం కట్టామో, కట్టింది పని చేస్తోందని ఎలా తేల్చుకున్నామో, ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఒకేచోట ఉండాలని నాకు పట్టుదల.

దానికి మేం వాడేది ఒక ఎస్‌క్యూలైట్ ఫైలు, అంటే ఒక్క ఫైలులో ఇమిడే డేటాబేస్. అంతే. సర్వర్ లేదు, నెలనెలా కట్టే చందా లేదు. విమానాలు, రైళ్లు తయారుచేసే చోట రిక్వైర్‌మెంట్ల (ఏం కావాలో చెప్పే మాటల) కోసం ఐబీఎం డోర్స్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లు వాడతారు. వాటి వెనకున్న ఆలోచన మాలాంటి నలుగురికీ పనికొస్తుంది. ఆ ఆలోచన కోసం ఆ సాఫ్ట్‌వేరే కొనక్కర్లేదు. మన జిల్లాల్లో ఇలాంటి చిన్న వర్క్‌షాపులు చాలా ఉన్నాయి. రైస్ మిల్లు డ్రయ్యర్లకి ప్యానెళ్లు కట్టేవాళ్లు, ఐస్ ప్లాంట్లకి కట్టేవాళ్లు, ఊరి తాగునీటి ప్లాంట్లు పెట్టేవాళ్లు. వాళ్లలో ఎవరికైనా ఉపయోగపడుతుందని మా పద్ధతి వివరంగా రాస్తున్నాను.

ముందు రిక్వైర్‌మెంట్లు మా దాకా ఎలా వస్తాయో చెప్పాలి. ఎవరూ కాగితం మీద రాసివ్వరు. చెరువు గట్టు మీద నడుస్తూ సగం చెబుతారు. మిగతా సగం రాత్రి పదింటికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వస్తుంది, వెనకాల ఏరియేటర్ల చప్పుడుతో సహా. పైగా ఒక్క చెరువుకి మాట్లాడేవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటారు. భూమి యజమాని ఒకరు, లీజుకి తీసుకుని సాగు చేసే రైతు ఒకరు, రాత్రిళ్లు షెడ్డులో పడుకునే కాపలా మనిషి ఒకరు, వారానికోసారి వచ్చి నీళ్లు చూసే టెక్నీషియన్ ఒకరు. యజమానికి కరెంటు బిల్లు తగ్గాలి. రైతుకి రొయ్య బతకాలి. కాపలా మనిషికి వానలో గట్టు చుట్టూ తిరిగి ఒక్కో స్టార్టరూ నొక్కే పని తప్పాలి. టెక్నీషియన్‌కి రాత్రి రీడింగులు తెల్లారాక చూసుకునే వీలుండాలి. నలుగురివీ న్యాయమైన కోరికలే. నాలుగూ ఒకే ప్యానెల్‌లో పట్టాలి.

నోటు పుస్తకంలో రాసుకుంటే రాత ఉంటుంది, వెతుకులాట ఉండదు. ఎక్సెల్‌లో పెడితే వెతకొచ్చు. కొంతవరకు అది చాలు కూడా. చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, ఒక రిక్వైర్‌మెంట్‌ని తేల్చడానికి రెండు మూడు పరీక్షలు కావాలి, ఒక పరీక్ష నాలుగైదు రిక్వైర్‌మెంట్లని తేలుస్తుంది. దీన్ని ఎక్సెల్‌లో పెట్టాలంటే ఒక గడిలో “3, 7, 11” అని కామాలు పెట్టి రాసుకోవాలి. ఏడో నంబరు పరీక్ష మారిందనుకోండి, ఆ ఏడు ఏయే గడుల్లో ఉందో కళ్లతో వెతకాలి. ఇంకోటి, ఆక్సిజన్ 3-4 మధ్య అని గడిలో టైప్ చేస్తే ఎక్సెల్ దాన్ని తేదీ చేసేస్తుంది. మన కంప్యూటర్ల సెట్టింగులో అది ఏప్రిల్ 3 అయి కూర్చుంటుంది. ఒక్క కాలమ్‌ని మాత్రమే సార్ట్ చేస్తే వరుసలన్నీ తారుమారవుతాయి, ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా. పని చేస్తున్న షీటులో ఇవన్నీ మామూలే.

డేటాబేస్ పుట్టిందే ఈ చిక్కు తీర్చడానికి. 1970లో ఐబీఎంలో పని చేసే ఇ. ఎఫ్. కాడ్, సమాచారాన్ని టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ మోడల్ మీద పేపర్ రాశారు. అందులోంచి మాలాంటివాళ్లు తీసుకోవలసింది ఒకటే: ఒక విషయాన్ని ఒక్కచోటే రాయాలి, మిగతా చోట్ల దాని నంబరు చూపించాలి. ఎస్‌క్యూలైట్‌ని 2000లో రిచర్డ్ హిప్ అమెరికా నేవీ యుద్ధనౌకలో నడిచే ఒక సాఫ్ట్‌వేర్ కోసం మొదలుపెట్టారు. డేటాబేస్ సర్వర్ పడిపోయినా ప్రోగ్రాము ఆగకూడదు కాబట్టి అసలు సర్వరే లేకుండా ఒక ఫైలులో ఇమిడేలా చేశారు. ఇప్పుడది ప్రతి స్మార్ట్ ఫోన్‌లోనూ ఉంది. పూర్తిగా ఉచితం, ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చు.

మా ఫైలులో ముఖ్యమైన టేబుళ్లు ఐదు. పనులు, మనుషులు, అవసరాలు, పరీక్షలు, ముడులు. పేర్లు తెలుగులోనే పెట్టాను. ఎస్‌క్యూలైట్ టేబుల్ పేర్లనీ కాలమ్ పేర్లనీ తెలుగు లిపిలో ఒప్పుకుంటుంది. మా కుర్రాళ్లు తెరిచి చూసినా ఏది ఏమిటో వెంటనే తెలుస్తుంది. ముడులు అన్న టేబుల్‌లో రెండే కాలమ్‌లు, అవసరం నంబరు, పరీక్ష నంబరు. ఏ పరీక్ష ఏ అవసరాన్ని తేలుస్తుందో ఒక్కో జత ఒక్కో వరుసగా ఉంటుంది. కామాల గొడవ అక్కడితో పోయింది. తెరవడానికి డీబీ బ్రౌజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, చూడడానికి ఎక్సెల్ లాగే ఉంటుంది. ఇప్పటికే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఉన్నవాళ్లు అందులోనే ఇవే టేబుళ్లు కట్టుకోవచ్చు. లిబ్రె ఆఫీస్ బేస్‌లో కూడా కట్టుకోవచ్చు. టూల్ ఏదైనా టేబుళ్ల అమరిక ఇదే.

అవసరాలు అన్న టేబుల్ గురించి మాత్రం నిదానంగా చెప్పాలి, అసలు బలమంతా అక్కడే ఉంది.

అందులో ప్రతి వరుసకీ ఒక నంబరు. ఆ వరుస రద్దయినా నంబరు ఇంకోదానికి ఇవ్వం. ఎవరన్నారు, ఏ తేదీన అన్నారు, ఎక్కడ అన్నారు. వాయిస్ మెసేజ్ అయితే ఆ ఫైలు కంప్యూటర్‌లో ఎక్కడుందో దాని దారి. ఆ తర్వాత పక్కపక్కనే రెండు కాలమ్‌లు. ఒకదాని పేరు “అన్న మాట”, రెండోదాని పేరు “కట్టే మాట”. మొదటిదాంట్లో మనిషి అన్నది అన్నట్టే ఉంటుంది, ఒక్క అక్షరం దిద్దం. రెండోదాంట్లో దాన్ని కొలవగలిగే వాక్యంగా మేం రాస్తాం.

ఎందుకు రెండూ ఉండాలి? ఒక రైతు నాతో అన్న మాట ఇది: “తెల్లారగట్ల రొయ్య పైకి రాకూడదమ్మా, ఆయ్, అదొక్కటి చూడండి చాలు.” ఇది గొప్ప రిక్వైర్‌మెంట్. దీంట్లో కావలసింది ఉంది, సమయం ఉంది, భయం ఉంది. పగలు నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత, అన్నీ ఆక్సిజన్ తీసుకునేవే. అందుకే సూర్యోదయానికి ముందు డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, బాగా కిందకి పడిపోతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఇంకా పడిపోతుంది. అది చాలకే రొయ్య పైకి వస్తుంది. ఇదంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ ఆ మాట చూసి మా తమ్ముడు వైరింగ్ చెయ్యలేడు. అందుకని పక్కన కట్టే మాట: “సెన్సర్ చూపే డీవో 4.5 పీపీఎం కన్నా తగ్గితే, ఒక నిమిషంలోపు రెండో వరస ఏరియేటర్లు తిరగడం మొదలవ్వాలి.” దాని కింద ఇంకో నంబరుతో ఇంకో వరుస: “డీవో 5.5 పీపీఎం దాటి పది నిమిషాలు నిలిచాకే రెండో వరస ఆగాలి.” రెండు అంకెలు వేరు వేరుగా లేకపోతే మోటారుకి కరెంటు కలిపే, తీసే కాంటాక్టర్ టకటకా కొట్టుకుని నాలుగు రోజుల్లో పాడవుతుంది.

అన్న మాట తీసేసి కట్టే మాట ఒక్కటే ఉంచితే, ఆరు నెలల తర్వాత 4.5 ఎందుకు పెట్టామో మాకే తెలియదు. కట్టే మాట లేకుండా అన్న మాట ఒక్కటే ఉంచితే పని అయ్యిందో లేదో తేల్చలేం. రైతు వచ్చి “నేనిది అడగలేదండి” అన్నప్పుడు కూడా ఈ రెండూ ముందు పెడితే ఎవరికీ మాట పట్టింపు రాదు. ఆయన మాట ఆయనకి కనిపిస్తుంది, దాన్ని మేం ఎలా అర్థం చేసుకున్నామో పక్కనే ఉంటుంది, తేడా ఉంటే అక్కడే దిద్దుకుంటాం.

కొలవగలిగే వాక్యం ఎలా ఉండాలో మన గోదావరి వాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. లంక గ్రామాల్లో చిన్నపిల్లలకి కూడా ఈ అంకెలు తెలుసు. ఎక్కడ కొలవాలో ఉంది, ఎంతో ఉంది, ఏం జరగాలో ఉంది. “వరద ఎక్కువైతే జాగ్రత్త చెప్పండి” అని రాసి ఉంటే ఎవరు ఎప్పుడు పడవ కట్టుకోవాలి? మా కుర్రాళ్లకి నేను ఈ ఉదాహరణే చెబుతాను. ప్రతి కట్టే మాటలోనూ ఎక్కడ, ఎంత, అప్పుడేం జరగాలి అన్న మూడూ ఉన్నాయా అని చూసుకోమంటాను.

ఈ విషయంలో ఇంకొంచెం చదవాలనుకునేవాళ్లకి ఇయర్స్ అనే పద్ధతి ఉంది. రోల్స్ రాయిస్‌లో అలిస్టెయిర్ మావిన్, ఆయన తోటివాళ్లు విమాన ఇంజిన్ కంట్రోళ్ల పనిలో ఉండగా తయారుచేసి 2009లో ప్రచురించారు. వాక్యం ఏ రకమో ముందు తేల్చుకోమంటుంది. ఎప్పుడూ నిజమవ్వాల్సింది ఒక రకం, ఏదైనా జరిగినప్పుడు చెయ్యాల్సింది ఒక రకం, ఏదైనా స్థితి ఉన్నంతసేపు జరగాల్సింది ఒక రకం, జరగకూడనిది జరిగితే చెయ్యాల్సింది ఇంకో రకం. మేం దీన్ని ఒక చిన్న కాలమ్‌గా పెట్టుకున్నాం. దానివల్ల కలిగిన పెద్ద లాభం, ఆ చివరి రకం కింద ఎన్ని వరుసలున్నాయో లెక్క కనిపిస్తుంది. ఒక పనిలో “జరగకూడనిది జరిగితే” రకం వరుసలు ఒక్కటి కూడా లేవంటే ఇంకా గట్టు మీదకెళ్లి అడగాల్సింది ఉందని అర్థం.

ఉదాహరణకి సెన్సరే చెడిపోతే? ఒక పెద్దాయన అన్నారు, “మీ మిషను పోయినా మా చేప పోకూడదండి” అని. అది ఆకివీడు వైపు శీలావతి, బొచ్చె వేసిన మంచినీళ్ల చెరువు. కట్టే మాట ఇలా వచ్చింది: “సెన్సర్ లైనులో కరెంటు 3.6 మిల్లీ ఆంపియర్ల కన్నా తగ్గితే ఏరియేటర్లన్నీ తిరగాలి, ఫోన్ మోగాలి.” ఈ సెన్సర్లు రీడింగుని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లుగా పంపుతాయి. సున్నా ఆక్సిజన్ అన్నా 4 మిల్లీ ఆంపియర్లు ఉంటుంది. కాబట్టి వైరు తెగితే వచ్చే సున్నా వేరు, నీళ్లలో ఆక్సిజన్ లేకపోతే వచ్చే 4 వేరు. ఆ తేడాని వాడుకునే వరుస ఇది. వైర్లని ఎలుకలు కొరుకుతాయి, పీతలు కొరుకుతాయి, వలలు లాగేటప్పుడు తెగుతాయి. డెల్టాలో ఈ వరుస లేని పని ఉండకూడదని నా అభిప్రాయం.

ఇలాంటిదే ఇంకొకటి కాపలా మనుషుల దగ్గర విన్నాను. లైన్‌మ్యాన్ ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసి వెళ్లాక చక్రాలు వెనక్కి తిరుగుతాయని. మూడు ఫేజుల్లో రెండు అటూ ఇటూ మారితే మోటారు వెనక్కి తిరుగుతుంది. చక్రం తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, కానీ నీళ్లలో ఆక్సిజన్ కలవాల్సినట్టు కలవదు. ఫేజుల వరస తప్పితే స్టార్టర్ పట్టకూడదు, దీపం వెలగాలి అన్న వరుస ఆ మాటలోంచే పుట్టింది. డిజైన్ పుస్తకాలు తిరగేస్తే ఫేజు పోతే మోటారు కాలకుండా చూడమని ఉంటుంది, అది అందరూ పెడతారు. వెనక్కి తిరగడం గురించి నాకు చెప్పింది మాత్రం రాత్రిళ్లు ఆ గట్టు మీద ఉండే మనిషి. అందుకే మనుషులు అన్న టేబుల్‌లో కాపలా మనిషి పేరు కూడా యజమాని పేరు పక్కనే ఉండాలంటాను.

ఇప్పుడు డేటాబేస్ నిజంగా అక్కరకొచ్చిన ఒక పని చెబుతాను. రెండు చెరువులకి కలిపి రెండు హెచ్‌పీ ఏరియేటర్లు పన్నెండు, ఒక 40 కేవీఏ జనరేటర్. లీజు రైతు మాట: “కరెంటు పోతే జనరేటర్ రాగానే అన్నీ టక్కున తిరగాలి.” యజమాని మాట: “జనరేటర్ మూలగకూడదు, కిందటేడు దానికి బోలెడు ఖర్చు పెట్టాను.” వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల విన్న మాటలు. ప్రతి అవసరానికీ మేం “దేని గురించి” అన్న కాలమ్ ఒకటి పెడతాం. మోటారు, జనరేటర్, సెన్సర్, ఫోన్, పెట్టె, అలా. డిజైన్ మొదలుపెట్టే ముందు ఒక్కో విషయం కింద ఉన్న వరుసలన్నీ ఒకేసారి చదువుతాం. జనరేటర్ కింద చూస్తే ఈ రెండూ ఒకదాని కింద ఒకటి కనిపించాయి.

లెక్క చూస్తే సంగతి తేలిపోయింది. రెండు హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు మూడు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేస్తే లేచేటప్పుడు దానికి ఆరేడు రెట్లు లాగుతుంది. పన్నెండూ ఒకేసారి లేస్తే ఆ జనరేటర్ వల్ల కానే కాదు. ఒకదాని తర్వాత ఒకటి, ఎనిమిది సెకన్ల తేడాతో లేపితే మొదటిదానికీ చివరిదానికీ మధ్య 88 సెకన్లు. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి ఈ అంకెలు చూపించాను. రైతు అడిగింది ఒకటే, “రెండు నిమిషాల్లో అన్నీ లేస్తాయి కదా?” లేస్తాయన్నాను. “అయితే మాకేం ఇబ్బంది లేదు” అన్నారు. కట్టే మాటలో “జనరేటర్ వోల్టేజీ నిలకడ అయిన రెండు నిమిషాల్లోపు” అని పడింది. “అన్న మాట” కాలమ్‌లో “టక్కున” మాత్రం పక్కనే అలాగే ఉంది. రైతు ఒప్పుకున్న తేదీ కూడా ఉంది. చెరువు దగ్గర ప్యానెల్ బిగించాక ఈ గొడవ తేలి ఉంటే ఎంత టెన్షనో, ఎన్ని మాటలు పడేవాళ్లమో.

పరీక్షల టేబుల్ గురించి. పరీక్ష అంటే చెరువు దగ్గర తెల్లవారుజామున మూడింటికి కూర్చుని డీవో పడిపోయేదాకా ఎదురుచూడడం కాదు. వర్క్‌షాపులోనే బకెట్ పరీక్ష చేస్తాం. బకెట్ నీళ్లలో గాలి బాగా కొట్టిస్తే ముప్పై డిగ్రీల మంచినీళ్లలో డీవో ఏడున్నర పీపీఎం దాకా చూపించాలి. ఆ నీళ్లలో సోడియం సల్ఫైట్ కలిపితే అది ఆక్సిజన్‌ని పూర్తిగా తినేస్తుంది, రీడింగు సున్నాకి దిగుతుంది. దిగే దారిలో 4.5 దగ్గర కాంటాక్టర్ పట్టిందా లేదా, ఎన్ని సెకన్లకి పట్టింది, రాసుకుంటాం. సెన్సర్ వైరు పీకేసి ఫోన్ మోగిందా చూస్తాం. ప్రతి పరీక్షకీ ఒక నంబరు, చేసిన తేదీ, చేసిన మనిషి, వచ్చిన రీడింగు. “ఓకే” అని రాయడం మా దగ్గర కుదరదు, అంకె ఉండాలి.

ఆ తర్వాత నేను డేటాబేస్‌ని రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది: ముడులు టేబుల్‌లో ఏ పరీక్షా లేని అవసరాలు చూపించు. జత దొరకని వరుసల్ని కూడా చూపించే లెఫ్ట్ జాయిన్ అనేది నేర్చుకుంటే ఇది నాలుగు లైన్ల ప్రశ్న. డేటాబేస్ గురించి ఇంకేమీ నేర్చుకోకపోయినా ఇదొక్కటి నేర్చుకోండి. ప్యానెల్ వ్యాన్ ఎక్కే ముందు ఆ ప్రశ్నకి జవాబుగా ఒక్క వరుస కూడా రాకూడదు. దాన్నే తిరగేస్తే, ఏ అవసరానికీ ముడిపడని పరీక్షలు వస్తాయి. అలాంటివి ఉంటే, ఎవరూ అడగని పని ఏదో మనం చేస్తున్నామన్నమాట, లేదా ఎవరో అడిగింది రాసుకోలేదన్నమాట.

ఈ ముడుల విలువ ఒకసారి బాగా తెలిసొచ్చింది. సెన్సర్లు పంపే ఒక సప్లయర్ ముందుగా చెప్పకుండా మోడల్ మార్చేశాడు. కొత్తదానికి 4-20 మిల్లీ ఆంపియర్ల లైను లేదు, మాడ్‌బస్ (అడిగితే అంకెల్లో జవాబిచ్చే పద్ధతి) ఒక్కటే. మామూలుగా అయితే “ఒక వైరు మారుతుంది, అంతేగా” అనుకుంటాం. సెన్సర్ అని ఉన్న అవసరాలు, వాటికి ముడిపడ్డ పరీక్షలు అడిగితే జాబితా మొత్తం వచ్చింది. అందులో 3.6 మిల్లీ ఆంపియర్ల వరుస కూడా ఉంది. మాడ్‌బస్‌లో వైరు తెగితే తక్కువ కరెంటు అనేదే ఉండదు, జవాబు రాకపోవడమే ఉంటుంది. కాబట్టి కట్టే మాట “వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే” అని మారింది, పరీక్ష మారింది, ప్రోగ్రామ్ మారింది. అన్న మాట మారలేదు. “మీ మిషను పోయినా మా చేప పోకూడదండి”, అది ఏ సెన్సర్ వచ్చినా అదే.

ఇక ఎస్‌క్యూలైట్‌లో ముందే చూసుకోవాల్సిన సెట్టింగులు కొన్ని చెబుతాను. ఒకటి, ఫారిన్ కీ తనిఖీ (ముడి వేసిన నంబరు నిజంగా ఉందో లేదో చూడడం) మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఆన్ చెయ్యాలి, లేకపోతే లేని పరీక్షకి కూడా ముడి వేసుకోనిస్తుంది. డీబీ బ్రౌజర్‌లో దీనికి ఒక టిక్ ఉంటుంది. రెండు, అంకెల కాలమ్‌లో “నాలుగున్నర” అని అక్షరాల్లో రాసినా ఒప్పేసుకుంటుంది. 2021 నుంచి టేబుల్ కట్టేటప్పుడు స్ట్రిక్ట్ అని చేర్చే వీలు వచ్చింది, అది పెడితే ఒప్పుకోదు. మూడు, తేదీకి ప్రత్యేకమైన రకం లేదు. సంవత్సరం, నెల, రోజు ఆ వరసలో రాస్తే సార్ట్ చేసినప్పుడు సరిగ్గా వస్తుంది. నాలుగు, కొలమానాన్ని అంకెతో కలపకుండా వేరే కాలమ్‌లో పెట్టండి. మన దగ్గర అడుగులు, మీటర్లు, సెంట్లు, ఎకరాలు, హెచ్‌పీ, కిలోవాట్లు అన్నీ ఒకే సంభాషణలో దొర్లుతాయి.

ట్రిగ్గర్లు, అంటే టేబుల్‌లో మార్పు చేయగానే తమంతట తామే నడిచే ఆజ్ఞలు, రెండు రాసుకోవడం తప్పనిసరి అంటాను. ఎవరైనా కట్టే మాట మారిస్తే పాత మాటని, తేదీతో సహా, చరిత్ర అనే ఇంకో టేబుల్‌లోకి తనంతట తనే వేసేది ఒకటి. అవసరాల్లోంచి వరుస తీసెయ్యబోతే ఆపేసి “తీయకూడదు, స్థితి మార్చండి” అని చెప్పేది రెండోది. వద్దనుకున్న అవసరం వద్దనుకున్నట్టుగానే ఉండాలి, ఎందుకు వద్దనుకున్నామో కారణంతో. వచ్చే పంటకి అదే మాట మళ్లీ వస్తుంది. అప్పుడు మళ్లీ మొదట్నించి వాదించుకోనక్కర్లేదు.

బ్యాకప్ సంగతి. ఫైలు తెరిచి పని చేస్తుండగా కాపీ కొడితే సగం రాసిన ఫైలు చేతికి రావచ్చు. మూసి కాపీ చెయ్యండి, లేదా ఎస్‌క్యూలైట్ ఇచ్చే బ్యాకప్ ఆజ్ఞ వాడండి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాయడం మంచిది కాదు, ఒకరు రాస్తుంటే ఇంకొకరిని ఆపే ఫైలు తాళాలు ఆ ఫోల్డర్లలో నమ్మదగ్గవి కావు. మా దగ్గర రాసేది ఒక్క కంప్యూటరే. మిగతావాళ్లు నాకు చెబుతారు, లేదా ప్రింటు మీద పెన్నుతో రాసిస్తారు. ఒకేసారి పదిమంది రాయాల్సిన చోట పోస్ట్‌గ్రెస్ లాంటి సర్వర్ డేటాబేస్‌కి వెళ్లాలి. మా నలుగురికీ అది అక్కర్లేని బరువు. ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు డేటాబేస్ లోపల పెట్టొద్దు, పక్కన ఫోల్డర్‌లో పెట్టి దారి మాత్రం రాయండి. అందమైన ఫారాలు, బటన్లు చేస్తూ కూర్చోవద్దని కూడా చెబుతాను. ఆ సమయంలో గట్టు మీదకి వెళ్లి ఇంకో మనిషితో మాట్లాడొచ్చు.

ఆర్డరు ఒప్పుకునే ముందు ఆ పని తాలూకు అవసరాలన్నీ తెలుగులో ప్రింటు తీసి రైతుకి చదివి వినిపిస్తాం. అన్న మాట ఎడమవైపు, కట్టే మాట కుడివైపు. చదువుతుంటే వాళ్లు తమ మాటని గుర్తుపడతారు, “ఆయ్, ఇది నేనన్నదే” అంటారు. వెంటనే మర్చిపోయిన ఇంకో రెండు మాటలు చెబుతారు. నాకు ఈ పనిలో బాగా ఇష్టమైన గంట అదే. ఒకసారి ఇలా చదువుతుండగా, పక్కన నిలబడ్డ కాపలా మనిషి నెమ్మదిగా అడిగాడు, మెసేజ్ వస్తే నేను చదవలేనండి, ఫోన్ మోగేలా చెయ్యగలరా అని. యజమాని, రైతు ఇద్దరూ మెసేజ్ చాలన్నారు అప్పటిదాకా. ఆ రాత్రి లేవాల్సింది వాళ్లు కాదు. “ఫోన్ మోగాలి, రెండు నిమిషాల్లో ఎత్తకపోతే రెండో నంబరుకి వెళ్లాలి” అన్న వరుస ఆయన పేరు మీద ఉంది. సంతకాలు రెండు కాపీల మీద తీసుకుంటాం, ఒకటి వాళ్లకి, ఒకటి మాకు.

ఇంకొక్క విషయం. నాలుగైదు పనులయ్యాక పాత పనిలోని అవసరాలన్నీ కాపీ చేసి కొత్త పని కింద పెట్టేద్దామనిపిస్తుంది. డేటాబేస్‌లో అది చాలా సులువు, ఒక్క ఆజ్ఞ చాలు. మేం అలా చెయ్యం. పాత వరుసల్ని ప్రశ్నల జాబితాగా మాత్రం తీసుకెళతాం. మొగల్తూరు వైపు ఉప్పునీళ్ల వనామీ చెరువుకీ ఆకివీడు వైపు మంచినీళ్ల చేపల చెరువుకీ ఒకే అంకె సరిపోదు. నీళ్లలో ఉప్పు పెరిగితే ఆక్సిజన్ పట్టే శక్తి తగ్గుతుంది, ఆ సంగతి చెప్పకపోతే సెన్సరే తప్పు రీడింగు చూపిస్తుంది. ఉప్పుగాలికి పెట్టె తుప్పు పట్టే వేగం కూడా వేరు. కొత్త పని మొదలవగానే ఆ చెరువు వరుసలో ఉప్పు శాతం గడి ఖాళీగా ఉంటుంది. చెరువు దగ్గర కొలిచి, తేదీ వేసి, అది నింపాకే సెన్సర్ ఆర్డరు పెడతాం.